ధర మీరే చెప్పండి

డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ అనే కంప్యూటర్ గేమ్‌లో నా మొదటి కోటకు వర్తకుల బండ్లు వచ్చేసరికి నా దగ్గర నలభై రాతి మగ్గులు ఉన్నాయి. బేరాలు జరిగే చోటైన ట్రేడ్ డిపో తెర మీద ఒకవైపు వాళ్ల సరుకు, ఇంకోవైపు నా సరుకు వరసగా కనబడుతున్నాయి. కానీ ధర ఉండాల్సిన చోట అంకెలు లేవు. ఏదో బగ్ అనుకున్నాను. అరగంట వెతికాక అర్థమైంది. కోట తరఫున బేరమాడటానికి నేను బ్రోకరుగా పెట్టిన మరుగుజ్జుకు వెల కట్టడం రాదు. గేమ్‌లో ఆ నైపుణ్యం పేరు అప్రైజర్. బంగారం తాకట్టు పెట్టడానికి బ్యాంకుకు వెళ్లినవాళ్లకు ఈ మాట తెలిసే ఉంటుంది, గీటురాయి పట్టుకుని మూలన కూర్చునే ఆయన. ఆ నైపుణ్యం లేనివాడికి వర్తకుడి సరుకు ధరే కాదు, తన కోటలో, తన మనుషుల చేతుల్లో తయారైన వస్తువు ధర కూడా కనబడదు.

ఆ ఖాళీని చూస్తూ కాసేపు అలాగే కూర్చుండిపోయాను. నాకు మా తాత గుర్తొచ్చాడు.

మా అమ్మావాళ్ల ఊరు వినుకొండ దగ్గర. వాళ్లది రాయి కొట్టే పని. తాత రుబ్బురోళ్లు, పొత్రాలు, సన్నికల్లులు, తిరగళ్లు చేసేవాడు. ఒక రుబ్బురోలుకు మూడు నాలుగు రోజులు పట్టేది. గుంత తొలిచేటప్పుడు మధ్య మధ్యలో నీళ్లు పోసి, అంచు అంతటా ఒకే మట్టానికి వస్తోందో లేదో చూసుకునేవాడు. చివర్లో ఉలి మార్చి, గుంత లోపలంతా సన్నగా, దగ్గర దగ్గరగా గంట్లు పెట్టేవాడు. ఆ గరుకు లేకపోతే పప్పు నలగదు, జారిపోతుంది. రోలుకు ప్రాణం ఆ గరుకులోనే ఉంది.

నాకు పదేళ్లప్పుడు వేసవి సెలవుల్లో చూసిన సంగతి ఇది. పట్నం నుంచి ఒక వ్యాపారి లారీతో వచ్చాడు. ఆయన కూర్చోలేదు. చింతచెట్టు కింద వరసగా పెట్టిన రోళ్ల దగ్గరికి వెళ్లి, ఒకదాని గుంతలో అరచెయ్యి తిప్పి, "ఇదేంది పెద్దాయనా, లోపలంతా గరుగ్గా ఉందే" అన్నాడు. తాత ఏమీ అనలేదు. ఆ గరుకు కోసమే ఆయన ఆ ముందురోజు సాయంత్రం దాకా వంచిన నడుము ఎత్తలేదు. నేను పక్కనే ఉండి చూశాను. "సరే, ఏం చెబుతావు?" అన్నాడు వ్యాపారి. తాత తలగుడ్డ విప్పి చేతులు తుడుచుకుంటూ, "మీకు తెలియంది ఏముందండీ, మీరే చెప్పండి" అన్నాడు.

ఆయన చెప్పాడు. పన్నెండు రోళ్లు లారీ ఎక్కాయి.

చాలా ఏళ్ల తర్వాత హైదరాబాదులో ఒక షాపులో అలాంటి రోలే చూశాను, మెడకు ధర చీటీ కట్టి ఉంది. తాతకు ముట్టినదానికి అది పది రెట్లకు పైనే. వర్తకుడు దొంగ అని నేననను. లారీ కిరాయి, హమాలీ, షాపు అద్దె, దారిలో పగిలిపోయేవి, అమ్ముడుపోక ఏళ్ల తరబడి పడి ఉండేవి, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఆయన లాభం తీసుకోవడం మీద నాకు కోపం లేదు. ఆ చింతచెట్టు కింద నిలబడ్డ ఇద్దరిలో ఒక్కడికే ధర తెలుసు. నా బాధంతా అక్కడ ఉంది.

ఇంతకీ ఈ గేమ్ గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. టార్న్ ఆడమ్స్, జాక్ ఆడమ్స్ అనే అమెరికన్ అన్నదమ్ములు చేశారు దీన్ని. 2006 ఆగస్టులో మొదటిసారి జనానికి ఉచితంగా ఇచ్చారు. చాలా ఏళ్లపాటు బొమ్మలు లేకుండా, అక్షరాలూ గుర్తులతోనే నడిచింది. 2012లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ దీన్ని తన సేకరణలో చేర్చుకుంది. 2022 డిసెంబరులో బొమ్మలతో, గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలోకి వచ్చింది. మీ పని ఏడుగురు మరుగుజ్జులను తీసుకెళ్లి కొండ తొలిచి ఊరు కట్టడం. గెలుపు అనేది లేదు, ఊరు నిలబడినన్నాళ్లు ఆట. ఏడాదికి 12 నెలలు, నెలకు 28 రోజులు. మొదటి నెల పేరు గ్రానైట్, రెండోది స్లేట్. రాయి కొట్టే ఇంట్లో పుట్టినవాడికి ఆ క్యాలెండరు చూస్తే ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

వసంతంలో అడవుల్లో బతికే కల్పిత జాతివాళ్లైన ఎల్ఫ్‌లు, ఎండాకాలంలో మనుషులు, శరదృతువులో మన మరుగుజ్జుల రాజ్యం నుంచే వర్తకులు వస్తారు. కోటలో దొరకనివి వాళ్ల దగ్గర కొనాలి. అన్నిటికన్నా ముఖ్యం దాగలి, కమ్మరి ఇనుము పెట్టి సుత్తితో కొట్టే దిమ్మ. దాగలి చేయాలంటే కమ్మరి కొలిమి కావాలి. ఆ కొలిమి కట్టాలంటే ముందే ఒక దాగలి ఉండాలి. వచ్చేటప్పుడు తెచ్చుకోకపోతే వర్తకుడే దిక్కు. ఇనుప దాగలి విలువ 1000.

మామూలు రాతి మగ్గు విలువ 10. ఒక్క బండరాయితో మూడు మగ్గులు వస్తాయి. ఇక్కడి నుంచే అసలు లెక్క మొదలవుతుంది. చేసినవాడి చెయ్యి తిరిగే కొద్దీ వస్తువు పేరుకు రెండు వైపులా గుర్తులు వస్తాయి. అడ్డగీత ఉంటే ధర రెట్టింపు. కూడిక గుర్తుంటే మూడు రెట్లు. నక్షత్రం నాలుగు రెట్లు, మూడు గీతలు అయిదు రెట్లు. సూర్యుడిలాంటి గుర్తు పడితే అది ఆ చేతికి పరాకాష్ఠ, ధర ఏకంగా 12 రెట్లు. అంటే అదే రాయి, అదే మగ్గు, 10 కాస్తా 120. మంచి పనివాడు తొలిచిన మూడు రాళ్లు తొమ్మిది మగ్గులై 1080 పలుకుతాయి. వర్తకుడి లాభం కోసం ఇంకో రెండు మూడు కలిపితే దాగలి మనదే.

ఆడేవాళ్లలో చాలామందికి దీని మీదే ఫిర్యాదు. మగ్గులు అమ్మి లోకాన్ని కొనేయొచ్చు, వర్తకం మరీ తేలిక, ఈ రెట్లు తగ్గించాలి అంటారు. కొందరు ఫైళ్లలో అంకెలు మార్చుకుని మరీ ఆడతారు. వండిన వంటకాల విషయంలో అయితే నేనూ ఒప్పుకుంటాను. ఒక్క కుండ కూరతో సగం బండి సరుకు రావడం నాకూ నచ్చదు. రాతి పని విషయంలో మాత్రం ఒప్పుకోను. ఆ 12 రెట్లు అన్యాయం కాదు. ఈ గేమ్‌లో నాకు అన్నిటికన్నా న్యాయంగా కనిపించే అంకె అది.

అందులో వెల కట్టేది రాయికి కాదు, చేతికి. నేర్చుకునే కుర్రాడు చేసిన మగ్గులో ఎంత రాయి ఉందో ఉస్తాదు చేసినదానిలోనూ అంతే ఉంది. తేడా అంతా ఏళ్ల తరబడి కొట్టిన దెబ్బల్లో ఉంది. ఆ తేడా వస్తువు పేరులోనే, ఎవరికైనా కనబడేలా ఉంటుంది. అక్కడ ఏ వర్తకుడూ అరచెయ్యి తిప్పి, పనితనాన్నే తప్పుగా చూపించి ధర తగ్గించలేడు. సూర్యుడి గుర్తు ఉందంటే ఉన్నట్టే. మా తాత రోలు లోపలి గరుకును ఒక గుర్తుగా పైన చెక్కగలిగే వీలుంటే, ఆ రోజు ఆ మాట వచ్చేది కాదు.

మరి వర్తకం తేలికగా ఎందుకుంది? మగ్గుకు ధర ఎక్కువ ఉన్నందుకు కాదు, ఆ ధర మనకు తెలిసినందుకు. ఇది ఊరికే అనడం లేదు, ఆడి చూశాను.

గేమ్‌లో బ్రోకరు ఒకసారి బేరం చేస్తే చాలు, వెల కట్టడం కొంత వచ్చేస్తుంది. తర్వాతి బండ్లకు అంకెలు కనబడతాయి. అందుకని నేను ఒక కొత్త కోట మొదలుపెట్టి, బేరం అయిన ప్రతిసారీ బ్రోకరును మార్చేశాను. ప్రతిసారీ ఆ పని తెలియనివాడే డిపోలో నిలబడేవాడు. మగ్గుల మీద గుర్తులు కనబడతాయి, అంకెలు కనబడవు. దాగలి కూడా కావాలనే తీసుకెళ్లలేదు. అలా నాలుగేళ్లు నడిపాను.

మొదటి ఏడు వర్తకుడు ఒప్పుకోలేదు. నేను తక్కువ పెట్టానట. ఎంత తక్కువో తెలియదు. ఒకటి రెండు సార్లు అలా కాదంటే వాళ్లకు విసుగొస్తుంది, బేరం మానేస్తారు. ఆ భయంతో ఇంకో పది మగ్గులు జత చేశాను. ఒప్పుకున్నాడు. వర్తకుడు చాలా సంతోషంగా ఉన్నట్టు కింద ఒక వాక్యం వచ్చింది. ఎంత సంతోషం అంటే, నేను ఎంత ఎక్కువ ఇచ్చానో అంత. రెండో ఏడు ఆ కాదనే మాట వినడం ఇష్టం లేక మొదటే ఎక్కువ పెట్టాను. మూడో ఏడు వాళ్ల బండిలో దాగలి కనబడింది. ఇంకో ఏడాది ఆగలేను, కొలిమి లేకుండా కోట సాగదు. ఇరవై ఆరు మగ్గులు ఇచ్చేశాను. వాటిలో సూర్యుడి గుర్తున్నవి పదకొండు. ఆ పదకొండే 1320. అవి చాలు. మిగతా పదిహేను భయానికి ఇచ్చినవి.

తాత మాట నాకు అప్పుడు అర్థమైంది. "మీరే చెప్పండి" అన్నది మర్యాద అనుకునేవాణ్ణి చిన్నప్పుడు. మా అమ్మ కూడా అలాగే చెప్పేది, మీ తాతకు మొహమాటం ఎక్కువరా అని. అది మొహమాటం కాదు. ఒక అంకె చెప్పి, అది ఎక్కువై, లారీ ఖాళీగా వెనక్కి వెళ్లిపోతే మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియదు. తక్కువ చెబితే పోయేది డబ్బు, ఎక్కువ చెబితే పోయేది బేరమే. రెండు నష్టాల్లో ఏది ఎంతో తెలియనివాడు నోరు తెరవడు. నేను కుర్చీలో కూర్చుని, తెర మీది మగ్గుల కోసం అదే పని చేశాను, మూడేళ్లు వరసగా.

దీనిలోనే గేమ్ తప్పు ఒకటి ఉంది, నాకు గట్టిగా అనిపించేది. ఒక్క బేరంతో బ్రోకరుకు వెల తెలిసిపోతుంది అనడం. తాత ముప్పై ఏళ్లు అమ్మాడు. ఆయనకు ఎందుకు తెలియలేదు? అమ్మినంత మాత్రాన ధర తెలియదు. మన వస్తువు మన చేతిలోంచి వెళ్లాక ఎక్కడ ఆగిందో, అక్కడ ఎవరు ఎంత ఇచ్చారో చూస్తేనే తెలుస్తుంది. డిపో తెర మీద ఆ రెండో వైపు కూడా కళ్లెదుట ఉంటుంది. వాళ్ల తోలు, వాళ్ల బట్ట, మన మగ్గు, అన్నీ ఒకే కొలతలో. బ్రోకరు నేర్చుకునేది అందుకే. తాతకు కనబడింది లారీ వెనక తలుపు వరకే.

బరువు సంగతీ చెప్పాలి. డిపోలో వర్తకుల జంతువులూ బండ్లూ మోయగల బరువుకు ఒక హద్దు ఉంటుంది. విగ్రహాలూ బల్లలూ పెడితే ఆ హద్దు త్వరగా వచ్చేస్తుంది. మగ్గులు ఎన్ని పెట్టినా పెద్దగా రాదు. కోటలోకి మూడు గళ్ల వెడల్పు దారి లేకపోతే బండ్లే రావు, మూపున మోసే జంతువులు మాత్రమే వస్తాయి. అందుకే నేను ఏ కోటలోనైనా గదుల కన్నా ముందు దారి వెడల్పు చేస్తాను. మగ్గు గొప్పతనం దాని ధర ఒక్కటే కాదు, తేలిక. తేలికైన వస్తువు ఎక్కడికైనా పోతుంది. రుబ్బురోలు పోదు. తాత దాన్ని నెత్తిన పెట్టుకుని నాలుగూళ్లు తిరిగి, నలుగురి నోట ధర విని రాలేడు. కదలని సరుకు ఉన్నవాడు, కదిలే బండి ఉన్నవాడు చెప్పిందే వినాలి. వర్తకుడు ఎంత మంచివాడైనా ఇది మారదు.

గేమ్‌లో నాకు బాగా నచ్చిన ఇంకో ఏర్పాటు, రాజ్యం నుంచి బండ్లతో పాటు వచ్చే రాయబారి. వచ్చే ఏడు మీకేం తేవాలి అని అడుగుతాడు. వెళ్లేముందు తమకేం కావాలో, దేనికి మామూలు ధర మీద ఎంత శాతం ఎక్కువ ఇస్తారో జాబితా ఇస్తాడు. ఏడాది ముందే. ఆ జాబితా చూసి నేను పని మారుస్తాను. బొమ్మలు అడిగితే బొమ్మలు, కిరీటాలు అడిగితే కిరీటాలు. మా అమ్మమ్మగారి ఊళ్లో ఇలాంటి మనిషి ఒక్కడు ఏడాదికి ఒక్కసారి వచ్చి, ఫలానా కొలతలో ఇన్ని కావాలి, ఇంత ఇస్తాం అని చెప్పి ఉంటే ఎన్ని రాళ్లు వృథా కాకుండా ఉండేవో. ఇప్పుడు దుర్గి రాతి శిల్పాలకూ, ఆళ్లగడ్డ శిల్పాలకూ భౌగోళిక గుర్తింపు ఉంది. మంచిదే, సంతోషించాను కూడా. కానీ ఆ గుర్తింపు ఊరిని చెబుతుంది. చేతిని చెప్పదు, ధర అసలే చెప్పదు.

గేమ్ మరీ దయగా ఉన్న చోటు కూడా ఒకటుంది, దాచను. అక్కడి వర్తకుడికి మగ్గులు ఎప్పటికీ చాలవు. వెయ్యో మగ్గునూ మొదటి మగ్గు ధరకే తీసుకుంటాడు. మా ఊళ్లో మిక్సీలు వచ్చాయి, గ్రైండర్లు వచ్చాయి. పెళ్లిలో కూతురికి రోలు ఇచ్చే ఇళ్లు ఒక్కొక్కటే తగ్గాయి. తాత చెయ్యి అప్పటికి పూర్తిగా తిరిగిన చెయ్యి, సూర్యుడి గుర్తు చెయ్యి. దానికి గిరాకీ లేదు. ఆ వచ్చే లారీ కూడా చివర్లో హోటళ్ల ముంగిట అలంకారానికి, మొక్కలు పెట్టడానికి కొనుక్కెళ్లేది. ఈ కష్టాన్ని గేమ్‌లో పెట్టమని నేను అడగను. పెడితే మరింత నిజంగా ఉంటుందని వాదించేవాళ్లు ఉన్నారు. ఉంటుంది. ఆ నిజం నేను ఇంట్లో చూశాను, ఆటలో కూడా చూడనక్కర్లేదు. నేను అడిగే మార్పు ఒక్కటే. అప్రైజర్ నైపుణ్యం ఒక్క బేరంతో రాకూడదు. బ్రోకరును ఎవరి బండి వెంటైనా పంపించి, మన సరుకు అక్కడ ఎంతకు పోతోందో చూసి రానివ్వాలి. వెళ్లి వచ్చినవాడికే అంకెలు కనబడాలి.

ఎల్ఫ్‌ల గురించి అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి చెబుతున్నాను. వాళ్లకు చెట్టు నరకడం పాపం. చెట్టు నరికిన కర్రతో చేసింది ఏది ఇవ్వబోయినా అవమానంగా తీసుకుంటారు. నేను చూపించినవి రాతి మగ్గులే, కానీ అవి ఉన్న పెట్టె కర్రది. అంతే, బేరం పోయింది. పెట్టెలోంచి తీసి పెట్టండి.

మా అమ్మమ్మ సంగతి చెప్పి ఆపేస్తాను. రోళ్లు తొలిచాక మిగిలే చిన్న రాళ్లతో తాత కల్వాలు చేసేవాడు, మందు నూరుకునేవి, అరచేతిలో పట్టేవి. ఆయనకు అవి లెక్కలోనివి కావు. అమ్మమ్మ వాటిని బుట్టలో పాత చీర ముక్కలు చుట్టి పెట్టుకుని, ఎర్రబస్సెక్కి సంతకు వెళ్లేది. రెండుసార్లు నన్నూ తీసుకెళ్లింది. దిగగానే దుకాణం పరిచేది కాదు. బుట్ట నాకు అప్పజెప్పి సంతంతా ఒక చుట్టు తిరిగి వచ్చేది. ఇత్తడి కల్వాల దగ్గర ఆగేది, పింగాణీ వాటి దగ్గర ఆగేది, ఎవరు ఎంత చెబుతున్నారో, కొనేవాళ్లు ఎంతకు దిగుతున్నారో వినేది. తిరిగొచ్చి కొంగు దోపుకుని, గోనెపట్టా పరిచి, కల్వాలు నీళ్లతో తుడిచి పెట్టేది, గంట్లు కనబడేట్టు.

ఒకాయన వచ్చి ఒకటి చేతిలోకి తీసుకుని లోపల వేలు తిప్పాడు. "గరుగ్గా ఉందేం?" అన్నాడు.

"గరుకుంటేనేనయ్యా శొంఠి నలిగేది. నున్నంది కావాలంటే ఆ మూలన పింగాణీవి ఉన్నాయి, పో" అని, ధర చెప్పి, పక్కదాన్ని తుడవడం మొదలుపెట్టింది.